ఎడమవైపు సైడు కవరు

రెంజల్,
21 నవంబరు 2023.

లింబాద్రి మామకు,

దీక్షిత నమస్కారం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. పోస్టాఫీసులో చేరి నెల దాటింది. రోజూ సంచీ విప్పుతాను. బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు, ఎవరో తెప్పించుకున్న చీరల పార్సిళ్లు. మనిషి మనిషికి రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు. మా పెద్దసారుతో ఆ మాటే అంటే, "నువ్వు రాస్తెనే గదా నీకొచ్చేది" అన్నాడు. నిజమే అనిపించింది. అమ్మకు చదువు రాదు, బాపుకు ఓపిక లేదు. మిగిలింది నువ్వే. పైగా ఫోన్‌లో బాపు పేరెత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ బాధ లేదు.

నువ్వు మాట్లాడి పెట్టిన గది బాగుంది. మీ అత్తగారు రాములవ్వ నన్ను అద్దెకున్న పిల్లలా చూడడమే లేదు. పొద్దున జొన్నరొట్టె తినకుండా గడప దాటనివ్వదు.

అసలు సంగతి బండి. ఉద్యోగం వచ్చిందని బాపు తన బండి నాకిచ్చాడు కదా. "ఇంజను రాయి లెక్క ఉన్నది బిడ్డా, కొందరు మనుషుల లెక్క ఇది మోసం జెయ్యది" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇంజను నిజంగానే బాగుంది. ఒంటి మీది ప్లాస్టిక్కే బాగాలేదు. పదిహేడేళ్ల ఎండకు నల్లగా ఉండాల్సిందంతా తెల్లబడిపోయింది. మడ్‌గార్డు చివర, హెడ్‌లైట్ మీది డూమ్, సైడు కవర్లు, అద్దాల వెనకవైపు, అన్నీ బూడిద పూసుకున్నట్టున్నాయి. మొన్న ఒక ఇంటి ముందు ఆపి హారన్ కొడితే ఆ ఇంటాయన బయటికొచ్చి, "పాత ఇనుము కొంటవా, ప్లాస్టిక్ గూడ కొంటవా?" అని అడిగాడు. ఖాకీ సంచీ చూపించి, పోస్టు తెచ్చానని చెప్పాల్సి వచ్చింది.

కొబ్బరినూనె రాశాను. ఒక పూట నిగనిగలాడింది. చెరుకు ట్రాక్టర్లు తిరిగే దారిలో రెండు ఊళ్లు తిరిగొచ్చేసరికి దుమ్మంతా దానికే పట్టుకుని, బండి శనగపిండిలో ముంచిన మిరపకాయలా తయారైంది.

నిజామాబాద్‌లో బండ్ల సీట్లు, స్టిక్కర్లు అంటే నీ దుకాణమే కదా. ఏం చేయాలో రాయి. ఫోన్ చేయకు, రాయి.

నీ మేనకోడలు
దీక్షిత


నిజామాబాద్,
29 నవంబరు.

బిడ్డా దీక్షా,

నీ ఉత్తరం దుకాణానికి వచ్చినప్పుడు సంతకం పెట్టాలేమోనని పెన్ను తీశాను. అంతగా అలవాటు తప్పింది. మీ అత్త శ్రీవాణి రెండుసార్లు చదివించుకుని, "ఫోన్ల అడిగితె అయిపాయె గదా" అంది. తర్వాత తనే పోయి కాగితాలు, కవర్లు కొనుక్కొచ్చింది.

కొబ్బరినూనె జుట్టుకు పెట్టుకో. బండికి పెట్టకు. నూనె పైపైన కూర్చుంటుంది, లోపలికి పోదు. నా దగ్గరికి బూటు పాలిష్ కొట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకాయన తెల్ల ప్యాంటు వేసుకుని పెళ్లికి పోయి, తొడకు నల్లమచ్చతో తిరిగొచ్చాడు.

నేను చెప్పినట్టు చేయి. ముందు గిన్నెలు తోమే సబ్బుతో, పాత పండ్ల బ్రష్షుతో సందుసందూ కడుగు. రెండు రోజులు నీడన ఆరనివ్వు. తడి మిగిలితే నేను పంపే నలుపు తెచ్చే మందు పట్టదు. నున్నటి భాగాల మీద వాటర్ పేపరుతో, అదే గరుకు కాగితంతో, నీళ్లు చల్లుకుంటూ మెల్లగా రుద్దు, మొదట వెయ్యి నంబరు, తర్వాత రెండు వేల నంబరు. గరుకుగా ఉన్న ప్లాస్టిక్ మీద మాత్రం పేపరు పెట్టకు, గరుకు పోయి మచ్చలు తేలుతాయి. దానికి ఒట్టి మందే చాలు. స్పాంజి మీద నాలుగు చుక్కలు వేసుకుని పొద్దుటి పూట నీడలో పట్టించు, కాసేపటికి పొడిగుడ్డతో తుడువు, ఆ రోజు బండి తీయకు. తొందరపడితే చారలు చారలుగా వస్తుంది.

మందు సీసా, స్పాంజి, వాటర్ పేపర్లు పార్సిల్ చేశాను. నీ పార్సిల్ నువ్వే ఇచ్చుకుని నువ్వే సంతకం పెట్టుకోవాలి.

ఎడమవైపు సైడు కవరు జోలికి మాత్రం పోకు. అది ఎండకు వంగింది. కదిలిస్తే విరుగుతుంది. అట్లాగే ఉండనివ్వు.

అక్కను అడిగానని చెప్పు. బావకు ఏమీ చెప్పకు.

మామ
లింబాద్రి


రెంజల్,
18 డిసెంబరు.

మామా,

నా పార్సిల్ నాకే వచ్చింది. నేను సంతకం పెట్టుకుంటుంటే పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

నువ్వు చెప్పినట్టే కడిగాను. మొదట రెంజల్ నల్లరేగడి వదిలింది, దాని కింద నుంచి మా ఊరు ఏర్గట్ల ఎర్రమట్టి, అన్నింటికన్నా చివర నా కొబ్బరినూనె. ఆదివారం పొద్దున స్పాంజితో మందు పట్టించాను. మడ్‌గార్డు నా కళ్ల ముందే నల్లబడింది. ఆ నలుపు చూస్తే ఎందుకో గట్టిగా నవ్వొచ్చింది. "ఒక్కదానివే నవ్వుతున్నవేందే" అని రాములవ్వ వచ్చి, చూసి, తనూ నవ్వింది. కుడివైపు కవరు అద్దంలా వచ్చింది. పాత ఇనుము అడిగినాయన ఇవాళ ఎదురొచ్చి, "కొత్త బండి గొన్నవా?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడొక ప్రశ్న. ఎడమవైపు కవరు వంగిందని నేను నీకు రాయలేదు. ఈ బండిని నువ్వు చూసి పదకొండేళ్లు. నువ్వూ బాపూ మాట్లాడుకోక కూడా అన్నేళ్లే. మరి నీకెట్లా తెలిసింది? కుడివైపు తగలని ఎండ ఎడమవైపే ఎట్లా తగిలింది?

నువ్వు చెప్పవని రాములవ్వను అడిగాను. ఎప్పుడూ బండికి కుడిపక్కనే నిలబడి మాట్లాడేది. అటు పక్కకు తీసుకుపోయి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, చేత్తో తడిమి, "ఓయమ్మ! గిది గా బండేనా!" అని అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఏ బండి?"

"మీ మామ మా శ్రీవాణిని సూడనీకి వచ్చిన బండే. నిజామాబాద్‌ల మా పిల్లగాని ట్రాక్టరుకు స్టిక్కర్లు ఏపియ్యనీకి అందరం పోయినప్పుడు దాన్ని మీ మామ సూసిండట. గప్పుడు మాకు బెల్లం గానుగ ఉండె. పొయ్యి భగభగ మండుతున్నది. మా పిల్లకు కనవడాలెనని బండి తెచ్చి సక్కగ పొయ్యి పక్కనే నిలవెట్టిండు. అది ఉడుకు బెల్లం ఆకుల ఏసి ఇచ్చింది. తినుకుంట ఇద్దరు ముచ్చట్ల వడ్డరు. ప్లాస్టిక్ మాడిన వాసన నాకొచ్చింది గని వాళ్లకు రాలె!"

మామా, నేను ఎంత నవ్వానో చెప్పలేను. కానీ బాపుకు కోపం ఎందుకొచ్చిందని అడిగితే రాములవ్వ నవ్వు ఆగిపోయింది. "మీ మామ పెండ్లి ఖాయమైన నాడు, పూలుపండ్లకు అందరు కూసున్నప్పుడు, మా ఆయన గీ ముచ్చటనే నవ్వుకుంట జెప్పిండు. మీ బాపు ఇస్తారి ముందలకెల్లి లేసిపోయిండు. ఎందుకో మాకు ఇప్పటికి ఎర్కలేదు బిడ్డా" అంది.

నాకూ తెలియదు. ఇంట్లో అడిగితే పెద్దవాళ్ల ముచ్చట అంటారు. ఒక ప్లాస్టిక్ ముక్క కోసం మనుషులు పదకొండేళ్లు మాట్లాడుకోకుండా ఉంటారా? చెప్పాలనిపిస్తే రాయి. చెప్పాలనిపించకపోయినా ఏదో ఒకటి రాయి, సంచీ ఖాళీగా ఉంటోంది.

దీక్షిత


నిజామాబాద్,
12 జనవరి.

దీక్షా,

జవాబు ఆలస్యమైంది. పండుగ గిరాకీ అని చెప్పవచ్చు, కానీ అది అబద్ధం. మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. నాలుగోది ఇది. చింపబోతుంటే మీ అత్త చేతిలోంచి లాక్కుని చదివి, "గిదే పంపు" అంది.

రాములవ్వ చెప్పిందంతా నిజం. ఆమెకు తెలియనిది నేను చెబుతాను.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో మీ ఇంటికి సాయం వచ్చాను. ఆర్మూరు పోయి మోటారుకు బెల్టు తెస్తానని బండి అడిగి తీసుకుని, ఏకంగా రెంజల్ పోయాను. మర్నాడు బావ కవరు చూశాడు. ఆ బండిని ఆయన ఎంత భద్రంగా చూసుకునేవాడో నీకు గుర్తుండదు. పొద్దున లేవగానే ముందు బండి తుడిచి, తర్వాత మొహం కడుక్కునేవాడు. "ఏందిరా ఇది?" అన్నాడు. ఎక్కడికి పోయానో చెప్పలేను. నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "నాకేం ఎర్క బావ, అక్క పసుపు పొయ్యి దగ్గర వెట్టినట్టున్నది" అన్నాను. పెరట్లో పొయ్యి మండుతూనే ఉంది. అబద్ధం చక్కగా అతికింది.

బావ అక్కను కూలీలందరి ముందూ తిట్టాడు. చిన్న మాటలు కావు. అక్క గంగాళంలోంచి పసుపుకొమ్ములు తోడుతోంది. ఒక్కసారి తలెత్తింది. బావను కాదు, నన్ను చూసింది. ఆమెకు అర్థమైపోయింది. మళ్లీ తల వంచుకుని తోడుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను దీక్షా, నోరు తెరవలేదు.

పూలుపండ్ల రోజు బావ లేచిపోయింది ప్లాస్టిక్ కోసం కాదు. నా మాట నమ్మి తను అక్కను అన్యాయంగా తిట్టానని అప్పుడు తెలిసింది. ఆ కోపం న్యాయమైనదే. అందుకే ఎదురు చెప్పలేదు. ఎదుటికి పోయే ధైర్యమూ చేయలేదు. అక్క ఏటా రాఖీ కట్టడానికి వస్తుంది. ఈసారి చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటాను. చేయి చాపుతాను, కట్టించుకుంటాను, అన్నం తింటాం, బస్సెక్కిస్తాను.

కొత్త కవరు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. సైడు కవర్లూ తెల్లబడ్డాయని నువ్వు రాయగానే బావ పాతదే ఉంచాడని అర్థమైంది. ఎందుకు మార్చలేదో కూడా నాకు తెలుసు. దాన్ని చూసినప్పుడల్లా నా మొహం గుర్తురావాలని.

దాన్ని ఎండకు వంగిందని రాశాను. నలభై నాలుగేళ్లు వచ్చినా అదే బుద్ధి. ఇప్పుడు సరిగ్గా చెబుతాను. మంట చూపించకు. స్క్రూ తీసి, కవరు మెల్లగా గుంజితే రబ్బరు గుంతల్లోంచి ఊడి వస్తుంది. పెద్ద గిన్నెలో నీళ్లు బాగా మరిగించి, దించి, అందులో ముంచు. మెత్తబడ్డాక చేతికి గుడ్డ చుట్టుకుని తీసి, కుడివైపుదాన్ని చూసుకుంటూ వంపు సరిచేయి. రెండు చెక్కల మధ్య పెట్టి, బరువు పెట్టి, చల్లారేదాకా వదిలేయి. ఒక్కసారికి రాకపోతే మళ్లీ ముంచు. విరిగితే విరగనీ, తప్పు నాదే అవుతుంది.

మామ


ఏర్గట్ల,
11 ఫిబ్రవరి.

మామా,

కవరు విరగలేదు. రాములవ్వ పెళ్లిళ్లకు వాడే అన్నం గిన్నె ఇచ్చింది. "గిదేం వంటనే, ఎంత సేపు ఉడకాలె?" అని పక్కనే కూర్చుంది. మూడుసార్లు ముంచాల్సి వచ్చింది. చేయి పెట్టి తడిమితే ఇంకా చిన్న అల తగులుతుంది కానీ కంటికి కనబడదు. మందు పట్టించాక రెండు వైపులా ఒక్కటే నలుపు.

పసుపు ఉడకబెడుతున్నారని సెలవు పెట్టి నిన్న పొద్దున ఇంటికొచ్చాను, బండి మీదే. బాపు మురిసిపోతాడనుకున్నాను. మొదట అట్లాగే అయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం తినవెట్టినవే దీనికి, వయసు తగ్గింది!" అని చుట్టూ తిరిగాడు. డూమ్ మీద గోటితో గీకి చూశాడు. తర్వాత ఎడమవైపుకు వచ్చాడు.

"గిది ఎవలు సాపు జేసిండ్రు?"

"నేనే బాపు."

"ఎవలు జెయ్యమన్నరు? నేను అడిగిన్నా?"

బాపు నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. "నీకు నేర్పినోడు ఎవడో నాకు ఎర్కనే. వాడు జేసింది ఎవ్వలకు కనవడొద్దని నీతోటి సాపు జేపిచ్చిండు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "మామ తప్పు ఒప్పుకున్నడు బాపు. అంతా కాగితం మీద రాసిండు" అనేశాను. నీ ఉత్తరం సంగతి బయటపెట్టినందుకు కోపం తెచ్చుకోకు.

"నాకెందుకు వాని ఒప్పుకునుడు?" అని బాపు ఇంకా ఏదో అనబోయాడు. అప్పటిదాకా పొయ్యి ముందు కూర్చున్న అమ్మ చేతిలో కట్టె పక్కన పడేసి లేచింది.

"తిట్లు వడ్డది ఎవలు?" అంది.

బాపు నా వైపు, నేను బాపు వైపు చూశాం.

"నేను గదా! పదకొండేండ్ల సంది నా పేరు జెప్పి మీరిద్దరు అలిగి కూసున్నరు. గంగామణి, నీ మనసుల ఏమున్నదని ఒక్కలన్న అడిగిండ్రా? నాకు బండి స్టాండు తియ్యనే రాదు. దాన్ని పొయ్యి దాంక నేనెట్ల నూకుకపోయిన? గాయింత సోంచాయించకుంట వాడు జెప్పంగనే నమ్మితివి. అందరి ముందట నోటికొచ్చింది అంటివి. వాడు అబద్ధం ఆడిండు, నిజమే. మరి నువ్వు? అసలు ముచ్చట తెలిసినంక వాని మీద ఎగిరినవ్. నా దగ్గరికొచ్చి తప్పయ్యిందని అన్నవా?"

బాపు, "అంటె... వాడు..." అన్నాడు.

"వాని సంగతి ఎన్క. ముందుగాల నీ సంగతి" అని అమ్మ మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. కూలీకొచ్చిన ఆడవాళ్లు నవ్వు దాచుకోవడానికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

బాపు చేనుకు పోయాడు. సాయంత్రం వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుని ఆ కవరు మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉన్నాడు. అమ్మ ఇవాళంతా గిన్నెలు ఎత్తి పడేస్తూనే ఉంది. మంచి చేయబోయి చెడగొట్టానేమోనని భయంగా ఉంది.

అమ్మ నీకు ఇట్లా రాయమంది: "ఉత్తరాలు దీక్షకు రాసుడు గాదు. తప్పు జేసింది నా తోటి. నాకు చదువు రాదు. మనిషిని రమ్మను."

దీక్షిత


ఏర్గట్ల,
13 ఫిబ్రవరి.

(మామా, బాపు చెబుతుంటే రాస్తున్నాను. ఒక్క మాట కూడా మార్చొద్దన్నాడు. దీక్షిత.)

బామ్మర్ది లింబాద్రికి నర్సన్న రాయిపిచ్చునది.

నేను మీ అక్కకు జెప్పిన. రెండు దినాలు వట్టింది. ఒక దినమంత ఆమె ఎనుక తిరిగిన గని నోరు రాలె. నీళ్లు కావాల్నా, కట్టెలు కావాల్నా అని అడుగుకుంట తిరిగిన. నిన్న పొద్దున పసుపు తోడుతుంటె పోయి పక్కన నిలవడి, తప్పు నాదే గంగామణి అన్న. కూలోళ్ల ముందటనే అన్న. తిట్టింది గట్లనే గనక. ఆమె ఏమన్నదో నీకెందుకు, అది మా ఇద్దరి ముచ్చట.

ఒక్క మాట ఇను. నీ మీద కోపం ఉన్నన్ని దినాలు నా తప్పు నాకు కనవడకుంట ఉండె. గందుకే గా కవరు మార్పియ్యలే. గిది నాకు మొన్న పొద్దుమీకి బండి కాడ కూసున్నప్పుడు సమజయ్యింది.

ఇగ నీ వంతు. ఆదివారం రా. శ్రీవాణిని, పిల్లలను తోలుకరా. నేను మీ పిల్లలను ఫోటోల సూసుడే గని ఎత్తుకున్నది లేదు. ఎత్తుకునే వయసు దాటిపోయిండ్రు గావచ్చు. పాత ముచ్చట నేను ఎత్త, నువ్వు ఎత్తకు. మీ అక్క ఎత్తుతది. ఇద్దరం తల వంచుకుని ఇనాలె.

పిల్ల పని మంచిగనే జేసింది గని డూమ్ కింది అంచుకు మందు అందలే. సామాన్లు ఎంబడి తెచ్చుకో.

నర్సన్న


నిజామాబాద్,
20 ఫిబ్రవరి.

బిడ్డా దీక్షా,

నువ్వు సెలవు అయిపోయి శనివారమే రెంజల్ వెళ్లిపోయావు. తమాషా అంతా పోగొట్టుకున్నావు. అందుకే మొత్తం రాస్తున్నాను.

బస్సులో ఏం మాట్లాడాలో నాలుగుసార్లు అనుకున్నాను. అక్క వాకిట్లోనే ఎదురొచ్చింది. నేను నోరు తెరవకముందే, "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. "అక్కా, ఆ రోజు..." అన్నాను. "ఏ రోజు?" అంది. అన్నీ తెలిసే అడిగింది. బండి తీసుకున్నప్పటి నుంచి మొత్తం చెప్పించింది. బెల్టు అబద్ధం, గానుగ, ఉడుకు బెల్లం, చివరికి ఆ మాట. మీ అత్త వింటోంది, నా పిల్లలిద్దరూ వింటున్నారు. మా చిన్నది మాత్రం, "డాడీ, బండి కాలుతుంటె నీకు వాసన రాలేదా?" అని అడిగింది. అక్క ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నా వీపు మీద ఒక్కటి చరిచి, "గా దినం నువ్వు నోరు ఇప్పుతవేమోనని సూసిన్రా. తిట్లకు గాదు, గందుకు ఏడ్చిన" అంది. కాళ్లు పట్టుకోబోతే, "లే, పని ఉన్నది" అంది.

పని అంటే పనే. పసుపు గంపకు అటువైపు బావ, ఇటువైపు నేను. గంగాళంలోకి దించడం, తీయడం, కళ్లంలో పోయడం. మొదటి గంట ఇద్దరం "ఎత్తు", "దించు" తప్ప మాట్లాడలేదు. తర్వాత నేను గంప ఒకవైపు ఒరగేశాను. "పట్నం బతుకు బతికి చేతులల్ల సత్తువ పోయింది నీకు" అని బావ తిట్టాడు. ఆ తిట్టు విన్నాక నాకు ఊపిరి ఆడింది. డూమ్ అంచుకు మందు పట్టిస్తుంటే పక్కనే నిలబడి, అక్కడ కాదు ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిని, చెప్పించుకున్నాను.

మీ అత్తను, పిల్లలను ఆటోలో ఎక్కించి, నన్ను బస్టాండుకు తనే దింపుతానన్నాడు. వారం రోజులు బండి ఆయన దగ్గరే ఉంచి, నువ్వు బస్సులో పోయావట కదా, మంచి పని చేశావు. వెనక కూర్చున్నాను. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. గాలికి నాకు ఒక్క ముక్క వినబడలేదు. మళ్లీ చెప్పమంటే ఎక్కడ ఆపేస్తాడోనని, ప్రతిదానికీ "అవును బావ", "సరే బావ" అన్నాను. దిగాక భుజం మీద చేయి వేసి, "మాట తప్పవు గదా?" అన్నాడు. తప్పనన్నాను.

ఇంటికొచ్చాక అక్క ఫోన్ చేసి చెబితే తెలిసింది. ఎండాకాలం సెలవులన్ని రోజులూ పిల్లలను ఏర్గట్లలోనే ఉంచుతానని, వచ్చే ఏడు పసుపు ఉడికినన్నాళ్లు దుకాణం మూసి వస్తానని ఒప్పుకున్నానట. "దుకాణం మూస్తె తినేదేంది?" అని మీ అత్త పొద్దుటి నుంచీ అరుస్తోంది. అరుస్తూనే పిల్లల పాత బట్టల్లో ఏవి పొలానికి పనికొస్తాయో విడిగా తీసి పెడుతోంది.

మామ
లింబాద్రి